వెనుక యాక్సిల్ నుంచి మొదలుపెట్టు: ఎం.జి.బి. కట్టుకుంటున్న మేనల్లుడికి లేఖ

విజయనగరం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీవు కొన్న 1966 నాటి ఎం.జి.బి. (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఫొటోలు, విడిభాగాల జాబితా అందాయి. జాబితాలో మొదటి వరుసలోనే ఇసుజు ఇంజను అని రాశావు గానీ వెనుక యాక్సిల్ ఊసు ఎక్కడా లేదు. ఈ వరుసను తిరగవెయ్యమన్నదే నా సలహా. కారు ఏ దారిన నడవాలో ముందు తేల్చుకో. ఆ దారికి తగిన క్రౌన్-పినియన్ (వెనుక యాక్సిల్‌లోని పళ్ల చక్రాల జత) నిష్పత్తిని, దానికి పొత్తు కుదిరే గేర్‌బాక్సును నిర్ణయించుకున్నాక ఇంజను సంగతి చూడు.

నీవు తిరిగే దారులు రెండు. ఒకటి శ్రీకాకుళం మీదుగా ఇచ్ఛాపురం దాకా సాగే 16వ నంబరు జాతీయ రహదారి, రెండోది సాలూరు దాటాక కొరాపుట్ వైపు ఎక్కే ఘాట్ రోడ్డు. నీ కారు వెనుక యాక్సిల్ నిష్పత్తి 3.909, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్ట్ 3.909 చుట్లు తిరగాలి. 14 అంగుళాల చక్రాలతో నాలుగో గేరులో, ఇంజను నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగితే కారు గంటకు సుమారు 29 కిలోమీటర్లు పోతుంది; అంటే 90 కిలోమీటర్ల వేగానికి 3,100 చుట్లు కావాలి. ఘాట్ ఎక్కడం సులువవుతుందని దీనికి ముందు మోడలైన ఎం.జి.ఎ.లోని 4.3 నిష్పత్తిని తెచ్చి బిగిస్తే అదే వేగానికి 3,400 చుట్లు దాటుతాయి, రహదారి మీద గంటల తరబడి ఆ మోత భరించాలి. కాబట్టి 3.909ని కదపకు. దానికి ఓవర్‌డ్రైవ్ (అదే వేగానికి ఇంజను చుట్లు తగ్గించే అదనపు గేరు) ఉన్న గేర్‌బాక్సు జోడించు. నీ మోడలుకు వచ్చిన లేకాక్ ఓవర్‌డ్రైవ్ నిష్పత్తి 0.802, అది వేస్తే 90 దగ్గర ఇంజను 2,500 చుట్లకు దిగుతుంది, ఘాట్‌లో దాన్ని తీసేస్తే మామూలు గేర్లన్నీ నీ చేతిలోనే ఉంటాయి.

అయితే ఓవర్‌డ్రైవ్‌ను విడిగా కొని పాత గేర్‌బాక్సు వెనుక తగిలించడం కుదరదు. లోపలి మెయిన్ షాఫ్టే వేరు. మొత్తం గేర్‌బాక్సును ఒకే సెట్టుగా కొను. 1967 చివర వచ్చిన మార్క్ 2 గేర్‌బాక్సులో మొదటి గేరుకు కూడా సింక్రో (గేరు మోత లేకుండా పడేలా చేసే అమరిక) ఉందని నీకు ఆశ కలగవచ్చు. దాని కోసం కంపెనీ గేర్‌బాక్సు ఇమిడే కారు మధ్య సొరంగాన్నే వెడల్పు చేసింది. నీ బాడీలో ఇమడాలంటే రేకు కొయ్యాలి, ఆ పని నేను ఒప్పుకోను. గేర్‌బాక్సు వచ్చాక, దాన్ని వెనుక యాక్సిల్‌కు కలిపే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు కొలిచి, కొత్త క్రాస్ జాయింట్లు వేయించి, బ్యాలెన్సింగ్ చేయించు. ఈ పనికి విశాఖ దాకా పోనక్కరలేదు, లారీలతో బతికే సాలూరులో షాఫ్టుల పని ఎరిగిన చేతులున్నాయి.

ఇక అంబాసిడర్ భాగాలు. మన వీధుల్లో ఎవరిని అడిగినా అంబాసిడర్‌కూ ఎం.జి.బి.కీ ఒకే ఇంజను అంటారు. రెండూ బి.ఎం.సి. (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి-సిరీస్ వంశమే, రెండింటిలోనూ పిస్టన్ ప్రయాణం 88.9 మి.మీ. అందుకే మోసపోతారు. అంబాసిడర్ 1,489 సి.సి. ఇంజను బోరు (సిలిండరు వ్యాసం) 73 మి.మీ., నీ 1,798 సి.సి. ఇంజను బోరు 80.26 మి.మీ.; అంబాసిడర్ క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్ట్) మూడు మెయిన్ బేరింగుల మీద తిరుగుతుంది, 1964 అక్టోబరు తర్వాతి ఎం.జి.బి. క్రాంక్ అయిదింటి మీద తిరుగుతుంది. పిస్టన్లు, క్రాంక్ ఏవీ ఒకదానివి మరొకదానికి సరిపోవు. చవకగా దొరికిందని ఏదీ కొనకు, ముందు కాలిపర్‌తో కొలుచుకో.

ఇసుజు 1,817 సి.సి. ఇంజను, దాని అయిదు గేర్ల పెట్టె మంచివే. కాంటెస్సా కారులో వాటి పనితనం నాకు తెలుసు. కానీ ఆర్.సి.లోని ఇంజను నంబరు మారితే రవాణా శాఖ అనుమతి కావాలి. పైగా 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు జరగని బండినే వింటేజ్ వాహనంగా గుర్తిస్తారు. అలా నమోదైన బండిని రోజువారీ తిరుగుడుకు వాడకూడదన్నదీ గుర్తుంచుకో. నీవు ఆ నమోదు కోరినా కోరకపోయినా, పుట్టినప్పటి ఇంజను బతికి ఉండగా దాన్ని పక్కన పడెయ్యడం నాకు బాధ కలిగించే విషయం.

ఆ ఇంజను విప్పినప్పుడు డబ్బు ఎక్కడ పెట్టాలో చెబుతాను. ముందు బ్లాకును, హెడ్డును పగుళ్ల కోసం పరీక్ష చేయించు. క్రాంక్ జర్నల్స్ (బేరింగుల్లో తిరిగే భాగాలు) కొలిచాకే గ్రైండింగుకు ఇవ్వు, గ్రైండింగ్ సైజు చేతికి వచ్చాకే బేరింగులు కొను. పిస్టన్ల విషయంలో మాత్రం పిస్టన్లు తెచ్చి, వాటి కొలతకు రీబోరింగ్ చేయించాలి. వాల్వులను ఆడించే క్యామ్ షాఫ్ట్ కొత్తది వేస్తే దాని మీద ఆనే ట్యాపెట్లు కూడా కొత్తవే వెయ్యి, పాతవి కొత్త క్యామ్‌ను తినేస్తాయి. మొదటిసారి స్టార్ట్ చేశాక ఐడిలింగులో వదలక, 2,000 చుట్ల మీద ఇరవై నిమిషాలు నడుపు; జింకు పాలు ఎక్కువున్న 20డబ్ల్యు-50 ఆయిల్ వాడు. ట్యాపెట్ల సందు చల్లని ఇంజను మీద 0.38 మి.మీ.

మన దేశంలో 2000లో సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది, ఈ హెడ్డు ఆ సీసం ఉన్న కాలానిది. ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి సీట్లు వేయించు. ఇప్పటి 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరును మెత్తబరుస్తుంది కనుక ఇంధనం గొట్టాలు, కార్బురేటర్ సీళ్లు దాన్ని తట్టుకునే రకానివి కావాలి. వేడి ఇంజను పక్కన పెట్రోలు కారితే ఏమవుతుందో నీకు వేరే చెప్పాలా?

క్లచ్ మొత్తం సెట్టుగా మార్చు. ఈ కారు రిలీజ్ బేరింగు గ్రాఫైటుది, పెడలు మీద కాలు ఆనించి నడిపితే త్వరగా అరిగిపోతుంది.

డబ్బు పంపే ముందు వెనుక యాక్సిల్ మధ్య ఉబ్బు ఫొటో తీసి నాకు పంపు. నీది పాత బాంజో రకమా, తర్వాతి గొట్టపు రకమా, వైరు చక్రాలదా, మామూలు చక్రాలదా అన్నది చూసి గానీ క్రౌన్-పినియన్ గురించి, షాఫ్ట్ గురించి ఖాయంగా చెప్పలేను. అంతవరకు ఏ ఆర్డరూ పెట్టకు.

ఇట్లు,
మావయ్య