ఇంక్రిమెంట్ వచ్చినా ఇరవయ్యో తారీఖుకే చేయి ఖాళీ: ఉద్యోగం మానేయాలా, రెండో పని పట్టాలా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఒక సంస్థ అకౌంట్స్ విభాగంలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. మావారిది షిఫ్టుల ఉద్యోగం. పాపకు పదేళ్లు, బాబుకు మూడేళ్లు. ఏటా ఇంక్రిమెంట్ వస్తూనే ఉంది. అయినా ఐదేళ్ల కిందట నెలాఖరుకు అంతో ఇంతో మిగిలేది, ఇప్పుడు ఇరవయ్యో తారీఖుకే క్రెడిట్ కార్డు తీయాల్సి వస్తోంది. నా జీతంలో సగానికి దగ్గరగా బాబు డేకేర్‌కే పోతోంది. అలాంటప్పుడు ఉద్యోగం మానేయడమే మేలు కదా అంటున్నారు ఇంట్లో. రాత్రిపూట మూడు గంటలు డేటా ఎంట్రీ పని దొరికేలా ఉంది. లేదంటే లోన్ తీసుకుని ఏడాది ఫైనాన్స్ కోర్సు చేయాలని ఉంది. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పేది నేనే, జీతంలో మాత్రం వాళ్లకూ నాకూ పెద్ద తేడా లేదు. మొన్న పాప స్కూలు బ్యాగు సర్దుతుంటే అడుగున ఎక్స్‌కర్షన్ అనుమతి చీటీ కనిపించింది. నాలుగు మడతలు పెట్టి పెన్సిల్ బాక్సు కింద దాచింది. అడిగితే "నాకు వెళ్లాలని లేదమ్మా" అంది. అప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు మూడు దారులు రాశారు. నాలుగోది కూడా ఉత్తరంలోనే ఉంది, కానీ అదొక దారి అని మీకు తోచలేదు. "కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పేది నేనే" అన్నారు చూడండి, అదే. మీరు ఇంకా ఎక్కువ పని చేయాల్సిన అవసరం లేదమ్మా. ఇప్పటికే చేస్తున్న పనికి పాత ధరే అందుతోంది. ముందు సరిచేసుకోవాల్సింది దాన్ని.

జీతం పెరుగుతున్నా చాలడం లేదంటే తప్పు మీ లెక్కల్లోనే ఉందనుకుంటున్నారు. కాదు. ఐదేళ్ల కిందట మీ జీతం 100 అనుకోండి. ఏటా 4 శాతం పెరిగితే ఇప్పుడు దాదాపు 122. అదే ఐదేళ్లలో ధరలు ఏటా 6 శాతం పెరిగితే అప్పుడు 100కు వచ్చిన సరుకులకు ఇప్పుడు 134 కావాలి. అంటే అప్పటితో పోలిస్తే ఇవాళ మీ జీతానికి 91 పాళ్ల సరుకులే వస్తాయి. పే స్లిప్పులో అంకె ఏటా పెరిగింది, విలువ ఏటా తగ్గింది. ఉన్నచోట నిలబడాలన్నా ఇంకో 10 శాతం పెరగాలి. ఈ శాతాలు ఉదాహరణకు చెప్పినవే. మీ పే స్లిప్పులు, మీ ఇంటి ఖర్చులు పెట్టుకుని ఇదే లెక్క మీరే ఒకసారి వేయండి. అకౌంట్స్ మనిషి మీరు, అరగంట పని.

వేసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. వార్తల్లో వచ్చే ద్రవ్యోల్బణం అంకె అందరి ఖర్చుల సగటు, మీ ఇంటిది కాదు. మీ ఖర్చులో 60 శాతం అద్దె, ఫీజులు, డేకేర్, ప్రయాణాలకు పోతూ అవి ఏటా 10 శాతం పెరుగుతున్నాయనుకుందాం. మిగతా 40 శాతం ఖర్చు 3 శాతమే పెరిగినా మీ ఇంటి ద్రవ్యోల్బణం 7.2 శాతం. చిన్నపిల్లలున్న ఉద్యోగుల ఇళ్లలో చాలాచోట్ల ఇదే పరిస్థితి. పిల్లల సంరక్షణ, చదువు లాంటి వాటి ఖర్చు మిగతావాటికన్నా వేగంగా పెరగడానికి కారణాన్ని విలియం బౌమల్, విలియం బోవెన్ అనే ఆర్థికవేత్తలు 1960ల్లోనే వివరించారు. వాళ్లు తీసుకున్న ఉదాహరణ సంగీత కచేరీ. నలుగురు కలిసి వాయించే పాటకు రెండు వందల ఏళ్ల కిందట నలుగురే కావాలి, ఇప్పుడూ నలుగురే, పట్టే సమయమూ అంతే. ఫ్యాక్టరీలో యంత్రం వచ్చి ఒక మనిషి చేత పదింతల సరుకు చేయిస్తుంది. మూడేళ్ల పిల్లల్ని చూసుకునే ఆయమ్మ ఒక్కసారిగా పదింతల మంది పిల్లల్ని చూడలేదు కదా! బయట జీతాలు పెరిగితే ఆమెకూ పెంచాలి, లేకపోతే ఆమె ఆ పనిలో ఉండదు. కాబట్టి ఆ భారం మీ దుబారా వల్ల వచ్చింది కాదు. ఆ అపరాధ భావం మనసులోంచి తీసేయండి. అది ఉన్నంతకాలం పై అధికారి ముందు మీ గొంతు పెగలదు.

ఇక ఉద్యోగం మానేసే మాట. ఇంట్లో వేస్తున్న లెక్క ఇలా ఉండి ఉంటుంది: జీతం 100, డేకేర్ 45, ప్రయాణం వగైరా 15, మిగిలేది 40, ఈ 40 కోసం ఇంత హైరానా దేనికి? ఇలాంటి ఇళ్లను నేను చాలా చూశాను. దాదాపు ప్రతి ఇంట్లోనూ డేకేర్ ఖర్చును తల్లి జీతంలోంచే తీసేస్తారు. బాబు ఇద్దరి బిడ్డ. మీవారి జీతం 130 అయితే ఇద్దరిదీ కలిపి 230, అందులో 45 అంటే ఐదో వంతు కన్నా కాస్త తక్కువ. ఖర్చు అదే, కానీ అలా చూసినప్పుడు మీ ఉద్యోగం దండగ అన్న మాట ఎవరి నోటా రాదు.

అయినా మానేస్తే ఈ నెల చేతికి తగ్గేది 40 మాత్రమే కదా అంటారు. నిజమే, ఈ నెలకు. కానీ డేకేర్ ఖర్చు ఇంకో రెండు మూడేళ్లు, ఉద్యోగ జీవితం ఇంకో పాతికేళ్లు. మూడేళ్లు మానేసి మళ్లీ ఇదే 100 జీతానికి చేరారనుకుందాం, అలా చేరడమే కష్టం. ఏటా 6 శాతం ధరలు పెరిగితే ఆ 100 విలువ ఇవాళ్టి 84తో సమానం. ఈలోపు రాని ఇంక్రిమెంట్లు, పదవీ విరమణ కోసం జమ కాని మొత్తం, మారిపోయిన సాఫ్ట్‌వేర్, మిమ్మల్ని మరిచిపోయిన పరిచయాలు వేరే. పిల్లలు పుట్టాక తల్లుల సంపాదన వెనకబడటం మీ ఒక్కరి కథ కాదు. శ్రామిక రంగంలో స్త్రీల స్థితిగతులపై దశాబ్దాల పరిశోధనకు క్లాడియా గోల్డిన్‌కు 2023లో ఆర్థికశాస్త్ర నోబెల్ ఇచ్చారు. ఆమె చెప్పిన ముఖ్యమైన కారణాల్లో ఒకటి, ఎప్పుడు పిలిస్తే అప్పుడు వచ్చేవాళ్లకు, గంటలు చూసుకోకుండా పనిచేసేవాళ్లకు కొన్ని ఉద్యోగాలు లెక్కకు మించి జీతమిస్తాయి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇద్దరిలో ఒకరు అలాంటి పని వదులుకోవాలి, ఆ ఒకరు ఎక్కువగా తల్లే అవుతుంది. బిడ్డ ఆరోగ్యం బాగాలేకపోవడం లాంటి అవసరముండి మానేసేవాళ్లను నేనెప్పుడూ ఆపను. ఇంట్లో ఉండాలన్నది మీ సొంత కోరికైతే అది వేరే ప్రశ్న. మీ ఉత్తరంలో అలాంటి మాట ఒక్కటీ లేదు. కాబట్టి మానేయవద్దనే చెబుతాను.

రాత్రి డేటా ఎంట్రీ వద్దు. ఎనిమిది గంటల ఆఫీసు, రెండు గంటల ప్రయాణం, ఇంటి చాకిరీ, ఆపైన ఇంకో మూడు గంటలంటే అవి నిద్రలోంచే రావాలి. ఆ పనికి గంటకు ఎంతిస్తారో కనుక్కుని మీ ఆఫీసు గంటతో పోల్చండి. చాలా తక్కువే ఉంటుంది. నిద్రమత్తులో పగటి పనిలో ఒక్క పన్ను రిటర్న్ తప్పు వెళ్లినా, మీ ఇంటిని నిలబెడుతున్న అసలు ఉద్యోగానికే ముప్పు.

దానికన్నా ముందు ఆ క్రెడిట్ కార్డు సంగతి చూడండి. నెలకు 3 శాతం వడ్డీ అంటే ఏడాదికి 36 అనుకుంటారు. వడ్డీ మీద వడ్డీ కలిస్తే దాదాపు 43 శాతం. రాత్రంతా మేల్కొని సంపాదించింది దానికే పోతుంది. కార్డు పక్కన పెట్టి, పాత బాకీని తక్కువ వడ్డీ అప్పులోకి మార్చుకునే వీలుందేమో బ్యాంకులో అడగండి.

కోర్సు గురించి నాది గట్టి అభిప్రాయమే. ఇప్పుడు, లోన్ మీద, వద్దు. కోర్సులు చెడ్డవని కాదు. మీకు తక్కువైంది సర్టిఫికెట్టా, అడగడమా అన్నది తేలకుండా అప్పు చేయకూడదు. మీకు నచ్చిన ఉద్యోగాల ప్రకటనలు పదిహేను తీసి చదవండి. వాటిలో ఎన్నింటిలో ఆ సర్టిఫికెట్ తప్పనిసరి అన్నారో లెక్కపెట్టండి. కోర్సు పూర్తిచేసిన ముగ్గురిని పట్టుకుని, చేరకముందు జీతమెంత, తర్వాత ఎంత అని మొహమాటం లేకుండా అడగండి. కోర్సు నడిపే సంస్థ ఇచ్చే పేర్లు కాకుండా మీరు వెతికి పట్టుకున్నవాళ్లను అడగండి.

ఇక అసలు సంగతికి వస్తాను. కొత్తవాళ్ల జీతం మీ జీతానికి దగ్గరగా ఎందుకుందో తెలుసా? కొత్తవాళ్లను ఇవాళ్టి మార్కెట్ రేటుకు తీసుకుంటారు. పాతవాళ్లకు ఎప్పటిదో జీతం మీద ఏటా ఇంత శాతమని కలుపుతారు. బయట రేటు వేగంగా పెరిగినప్పుడల్లా ఒకేచోట ఓపికగా ఉన్నవాళ్లే వెనకబడతారు. ఇది మీ మీద కక్షతో చేసింది కాదు, కానీ మీరు నోరు తెరవకపోతే దానంతటది సరికాదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఆఫీసు మాత్రం పెడుతుందా!

ఒక నోటుబుక్ తీసుకుని గత ఏడాది మీరు చేసిన పనులు రాయండి. "అకౌంట్స్ చూస్తాను" అని రాయకండి. నెలవారీ ఖాతాల ముగింపు ఎన్ని రోజుల్లో అయ్యేది, మీరు చేతిలోకి తీసుకున్నాక ఎన్ని రోజులకు తగ్గింది, బ్యాంకు రీకన్సిలియేషన్‌లో, అంటే బ్యాంకు లెక్కను ఆఫీసు ఖాతాతో సరిచూసేటప్పుడు, పట్టుకున్న తేడాలు, గడువు దాటకుండా వేసిన రిటర్నులు, ఆడిట్‌లో మీ ఖాతాలకు వచ్చిన అభ్యంతరాలెన్ని, ఎంతమందికి పని నేర్పారు, వాళ్లు సొంతంగా చేయడానికి ఎన్ని వారాలు పట్టింది. నాకు పరిచయమున్న ఒకావిడ ఇలా రాయడం మొదలుపెట్టి మూడో పేజీ దగ్గర ఆగి, "ఇదంతా నేనే చేశానా?" అని అడిగింది. మీరూ అడుగుతారు.

ఆ తర్వాత బడ్జెట్లు ఖరారు కావడానికి రెండు మూడు నెలల ముందు, నెలాఖరు హడావిడి లేని రోజు చూసి, అరగంట సమయం అడిగి కూర్చోండి. ఇంటి కష్టాలు చెప్పకండి. డేకేర్, అద్దె అన్న మాటలు మీ నోట రాకూడదు. అవి నిజం కాదని కాదు, అవి చెబితే సానుభూతి చూపి పంపేస్తారు. "సార్, ఏడాదిగా నేను చూస్తున్న పనులివి. నలుగురికి శిక్షణ ఇచ్చాను. నా హోదా మాత్రం తొమ్మిదేళ్ల కిందటిదే. ఇదే పనికి బయట ఇస్తున్న జీతాల వివరాలు ఇవిగో. నా హోదా, జీతం దానికి తగ్గట్టు సవరించాలని కోరుతున్నాను" అనండి. కావాల్సిన అంకె చెప్పండి. చెప్పాక ఆగండి. ఆ నిశ్శబ్దం భరించలేక చాలామంది వాళ్లే తగ్గించేసుకుంటారు, "పోనీ మీకెంత వీలైతే అంత" అని. ఆ మాట మాత్రం అనకండి.

కుదరదంటే ఏం చేస్తే కుదురుతుందో, ఎప్పుడు మళ్లీ కూర్చుందామో అడిగి, ఆ సాయంత్రమే "ఇవాళ మనం అనుకున్నవి ఇవి" అని మర్యాదగా ఒక ఈమెయిల్ పెట్టండి. డబ్బు కాకపోతే డబ్బులాంటివి అడగొచ్చు. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని ఇస్తే ప్రయాణం ఖర్చు ఐదింట రెండు వంతులు తగ్గుతుంది, నాలుగు గంటలు మిగులుతాయి. మీరనుకున్న ఆ కోర్సు ఫీజు సంస్థనే భరించమనవచ్చు, అప్పుడు కోర్సుకు నేనూ సరేనంటాను. సీనియర్ అన్న హోదా ఒక్కటిచ్చినా తీసుకోండి, బయట వెతికేటప్పుడు దానికి విలువుంటుంది.

బయట వెతకడం ఈ వారమే మొదలుపెట్టండి, ఉద్యోగంలో ఉండగానే. వేరే ఆఫర్ చేతిలో లేకపోతే బెదిరింపుగా దాని ఊసు ఎత్తవద్దు. ఇంటర్వ్యూలో పనివేళలు కచ్చితంగా ఉంటాయా అని ముందే అడగండి. మీవారి షిఫ్టులు మారుతున్నంతకాలం మీకు ఇంటికి చేరే సమయం తెలిసిన ఉద్యోగం కావాలి. అలాగే వారంలో రెండు రోజులు బాబును డేకేర్ నుంచి తీసుకొచ్చే పని తనది అని ఆయన చేత ఒప్పించుకోండి. దాన్ని ఇంటి పని అనుకోకండి, మీ ఇంటర్వ్యూలకు సమయం దొరికేది అక్కడే.

ఇంకొక్కమాట. చెరకు రైతుల మీద జరిగిన ఒక పరిశోధన 2013లో వెలువడింది. సెంధిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్ తదితరులు చేసినది. పంట డబ్బు చేతికి రాకముందు, వచ్చాక అవే రైతులకు ఆలోచనా శక్తి పరీక్షలు పెడితే, డబ్బుకు ఇబ్బందిగా ఉన్న రోజుల్లో తక్కువ మార్కులు వచ్చాయి. మనుషులు వాళ్లే, డబ్బు ఆలోచన బుర్రలో చోటు ఆక్రమించింది. మీరు ఉద్యోగం మానేయాలా అని ఆలోచిస్తున్నది ఇరవయ్యో తారీఖు తర్వాతే అయి ఉంటుంది. పెద్ద నిర్ణయాలు జీతం పడిన వారంలో, ఇద్దరూ కూర్చుని, కాగితం మీద లెక్క వేసుకుని తీసుకోండి.

చివరగా పాప గురించి. పదేళ్ల పిల్ల అమ్మానాన్నలను అడగకుండానే ఇంటి ఖర్చు తగ్గించాలని చూసింది. తనకు ఇంటి పరిస్థితి తెలుసు, ఎంతవరకో తెలియదు. తెలియనిచోట పిల్లలు ఉన్నదానికన్నా పెద్ద భయం ఊహించుకుంటారు. "ఈ ఏడాది కొంచెం చూసుకుని ఖర్చు పెడుతున్నాం. ఇల్లు, చదువు, తిండికి ఏ ఇబ్బందీ లేదు. డబ్బు సంగతి చూసుకునేది నాన్నా నేనూ. నీ పని మాకు చీటీ చూపించడం, అవునో కాదో చెప్పే పని మాది" అని చెప్పండి. ఎక్స్‌కర్షన్‌కు పంపగలిగితే ఆ నాలుగు మడతలూ విప్పి తన ముందే సంతకం పెట్టండి. పంపలేకపోతే, ఈసారి వీలు కాదని మీరే చెప్పండి. వెళ్లాలని లేదనే అబద్ధం ఆ పిల్ల మోయకూడదు.

నోటుబుక్ పని ఈ ఆదివారం పెట్టుకోండి. పై అధికారితో మాట్లాడాక ఆయన ఏమన్నారో, ఏ మాటలతో అన్నారో నాకు రాయండి. తర్వాతి అడుగు దాన్నిబట్టి చూద్దాం.