నూకల లారీకి లేని నామోషీ అమ్మాయి చదువుకు ఎందుకు?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్‌మిల్లులో గుమస్తాగా పనిచేస్తున్నాను. మా అమ్మాయి నల్లగొండలో మైక్రోబయాలజీ, కెమిస్ట్రీలతో బీఎస్సీ పూర్తి చేసింది. మా మిల్లు నూకలు కొనే ఎథనాల్ (ఆల్కహాల్) ఫ్యాక్టరీని ఒకసారి చూసి వచ్చినప్పటి నుంచి ఆల్కహాల్ టెక్నాలజీలో డిప్లొమా చదువుతానంటోంది. సారా బట్టీ చదువని, రేపు సంబంధాలవారికి ఏం చెబుతారని బంధువులు నవ్వుతున్నారు. హైదరాబాద్‌లో డేటా సైన్స్ కోర్సుకు డబ్బు సిద్ధం చేశాను. రెండింటిలో ఏది మేలు?

సమాధానం: మీరు అడిగింది పోలికే అయినా, సంబంధం చూడటానికి వచ్చినవారికి అమ్మాయి ఉద్యోగం ఏమని చెప్పుకోవాలన్నదే మీ అసలు బెంగ అని ఉత్తరంలోనే తెలుస్తోంది. ఇటువంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి. ఆ ఫ్యాక్టరీకి నూకలు తూచి లారీకెక్కించి బిల్లు రాసినప్పుడు మీకు లేని నామోషీ, అదే ఫ్యాక్టరీ లేబొరేటరీలో మీ అమ్మాయి నిలబడితే ఎందుకు రావాలి? బంధువులు ఏమన్నారో రాశారు కానీ, అక్కడ ఆమెకు ఏం నచ్చిందో ఒక్క మాటైనా రాయలేదు. ముందు ఆ సంగతి అడిగి తెలుసుకోండి.

ఆమె చదవబోయేది మద్యం కాయడం ఒక్కటే కాదు. ఈస్ట్ 180 గ్రాముల గ్లూకోజ్‌ను పులియబెడితే, లెక్క ప్రకారం 92 గ్రాముల ఆల్కహాల్‌తోపాటు 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ కూడా వస్తుంది. ఆ వాయువును గాలిలోకి వదిలేయకుండా కడిగి, శుద్ధి చేసి, ద్రవంగా మారిస్తే కూల్‌డ్రింకులకు, మంటలార్పే సిలిండర్లకు పనికివస్తుంది. ఆల్కహాల్‌ను మరిగించి వేరుచేసే స్వేదన స్తంభం మధ్య భాగం నుంచి తీసే ఫ్యూజల్ ఆయిల్ అనే ద్రవంలో ఎక్కువ భాగం ఐసోఅమైల్ ఆల్కహాల్. అరటిపండు వాసననిచ్చే ఎస్టరు అనే రసాయనాన్ని దానితోనే తయారు చేస్తారు. ధాన్యం వాడే ఫ్యాక్టరీలలో ఆల్కహాల్ తీశాక అడుగున మిగిలిన ద్రవాన్ని (స్పెంట్‌వాష్) వడకట్టి, ఇగిర్చి, ఆరబెడితే పోషకమైన దాణా వస్తుంది; మొక్కజొన్న అయితే టన్నుకు సుమారు 300 కిలోలు.

డీనేచర్డ్ స్పిరిట్ సంగతి వేరు. మద్యంపై ఉండే పన్ను లేకుండా పరిశ్రమలకు ఆల్కహాల్ అందాలంటే, దాన్ని ఎవరూ తాగలేని విధంగా మార్చాలి. అందుకని మిథనాల్‌నో, దుర్వాసన గల పిరిడిన్‌నో, అతి స్వల్ప మోతాదులోనే భరించలేనంత చేదుగా ఉండే డెనటోనియం బెంజోయేట్‌నో కలుపుతారు. కలిపినదాన్ని మళ్లీ సులభంగా విడదీయగలిగితే ప్రయోజనం ఉండదు. మిథనాల్ ఉన్నదాన్ని తాగితే చూపు పోతుంది, ప్రాణమూ పోవచ్చు. కాబట్టి ఇక్కడ రసాయనశాస్త్రం ఎంత అవసరమో, ప్రతి లీటరుకూ లెక్క చూపే రిజిస్టరూ అంతే అవసరం. పారిశ్రామిక ఆల్కహాల్‌ను నియంత్రించే అధికారం రాష్ట్రాలకు ఉందని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 8:1 మెజారిటీతో తీర్పునిచ్చింది. అందువల్ల నిబంధనలు తెలిసిన కెమిస్టుకు పని తగ్గదని నా అభిప్రాయం.

నా అనుమానమంతా ఇప్పుడు అందరూ చెప్పుకునే ఎథనాల్ జోరు మీదనే. పెట్రోలులో 20 శాతం ఎథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని ప్రభుత్వం 2030 నుంచి 2025-26కు ముందుకు జరపడంతో ఫ్యాక్టరీలు విరివిగా వచ్చాయి. అయితే వాటి సరుకుకు ప్రధాన కొనుగోలుదారులు చమురు కంపెనీలు, విధానం కేంద్రానిది; 2023 జులైలో భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) బియ్యం సరఫరా ఆపేసినప్పుడు ధాన్యం మీద ఆధారపడిన ఫ్యాక్టరీలు ఇబ్బంది పడ్డాయి. నారాయణపేట జిల్లా చిత్తనూరులో ఎథనాల్ ఫ్యాక్టరీ కాలుష్యం గురించి ప్రజలు చేసిన ఆందోళనను కూడా మీ అమ్మాయి చదివి తీరాలి, ఎందుకంటే రేపు ఆమెకు జీతమిచ్చేది ఫ్యాక్టరీ మురుగును సరిగా శుద్ధి చేయగల నేర్పే. ఆల్కహాల్ ధర పడిపోయినా వ్యర్థాల శుద్ధి, స్వేదనం, వాడిన ద్రావణులను (సాల్వెంట్లను) మళ్లీ వాడుకునేలా రాబట్టడం తెలిసినవారికి చౌటుప్పల్ పరిసరాల రసాయన పరిశ్రమల్లోనూ, జడ్చర్ల దగ్గరి పోలేపల్లి ఫార్మా సెజ్‌లోనూ అవకాశం ఉంటుంది.

డేటా సైన్స్ మంచిదే, లెక్కలంటే ఇష్టమున్నవారికి. మీ అమ్మాయికి ఆ ఇష్టమున్నట్టు మీరే రాయలేదు. కాన్పూరులోని నేషనల్ షుగర్ ఇన్‌స్టిట్యూట్, పుణెలోని వసంత్‌దాదా షుగర్ ఇన్‌స్టిట్యూట్ ఆల్కహాల్ టెక్నాలజీలో పేరున్నవి. ఈ ఏటి ప్రకటనలో అర్హతలు, ఫీజు చూసుకోండి. ఫ్యాక్టరీలు సాధారణంగా ఊరికి దూరంగా ఉంటాయి, షిఫ్టులు ఉంటాయి. రవాణా, వసతి... తండ్రిగా మీరు గట్టిగా అడగాల్సినవి అవే. డబ్బు కట్టేలోపు, నూకలు కొనే ఆ ఫ్యాక్టరీవారినే అడిగి, ఒక నెలపాటు ఆమెను వారి లేబొరేటరీలో అప్రెంటిస్‌గా ఉండనివ్వండి.