రెండు రూపాయల వడ్డీకి తెచ్చి జర్మనీ పోవద్దు, ముందు ఇంటికి ఎనిమిది నెలల డబ్బు పెట్టు

ఈసారి ప్రశ్న అనంతపురం జిల్లా గార్లదిన్నె వైపు పల్లె నుంచి. అబ్బాయికి 27 ఏళ్లు, బెంగళూరులో ఒక బీపీవోలో అకౌంట్స్ పేయబుల్ (సప్లయర్ల బిల్లులు చూసి డబ్బు కట్టే) ప్రాసెస్‌లో పని, చేతికి 46 వేలు వస్తాయి, సేవింగ్స్ 1.6 లక్షలు. నాయనకు ఐదెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది, షుగరూ ఉంది. జర్మనీలో ఒక ప్రైవేట్ యూనివర్సిటీలో బిజినెస్ ప్రాసెస్ మేనేజ్‌మెంట్‌లో రెండేళ్ల ఎంఎస్సీకి సీటొచ్చింది. ఇల్లు తనఖా పెట్టి బ్యాంకులో 16 లక్షలు, తెలిసినాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి 8 లక్షలు, అమ్మ బంగారం మీద 3 లక్షలు తీసుకుంటాడంట. అడిగింది మాత్రం ఒకటే: "సార్, బ్యాంకు లోన్ టెన్యూర్ పదేళ్లు పెట్టుకోవాలా, పదిహేనా?"

తమ్ముడూ, టెన్యూర్ సంగతి తర్వాత చెప్తా. నీ లెటర్ మొత్తం రెండుసార్లు చదివినా, నువ్వు పోయిన తర్వాత ఇంట్లో ఏమన్నా జరిగితే ఏ డబ్బు తీస్తారు అనేది ఎక్కడా లేదు. ఇది నీ ఒక్కడి తప్పు కాదు, మన సీమలో పిల్లల్ని బయటికి పంపే ఇళ్లల్లో పదికి తొమ్మిది ఇట్లనే చేస్తారు, ఫీజు, వీసా, టికెట్ పైసాతో సహా లెక్కేస్తారు కానీ ఇంటికి అంటూ ఒక్క రూపాయి పక్కన పెట్టరు. ఫీజు కట్టలేక చదువు ఆగినోళ్ల కంటే ఇంట్లో ఆస్పత్రి ఖర్చొచ్చి మధ్యలో ఇబ్బంది పడినోళ్లే నా దగ్గరికి ఎక్కువ వస్తారు.

ముందు ఆ 8 లక్షల గురించి. "బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించడానికే కదా, అక్కడికి పోయినాక తిరిగి ఇచ్చేస్తా" అని రాసినావు. ఎట్లా ఇస్తావు? స్టూడెంట్ వీసాకు ఏడాదికి 11,904 యూరోలు అందులో వెయ్యాలి, యూరో వంద రూపాయలకు లెక్కేసినా దాదాపు 12 లక్షలు, నువ్వు అక్కడికి పోయినాక అది నెలకు 992 యూరోల చొప్పునే బయటికొస్తుంది, ఒకేసారి తీసుకోలేవు, వచ్చిన ఆ 992తోనే నువ్వు అద్దె కట్టాలి, తినాలి, హెల్త్ ఇన్సూరెన్స్ కట్టాలి. అది చూపించే డబ్బు కాదు, తిని బతికే డబ్బు. స్టూడెంట్‌కు ఏడాదికి 140 ఫుల్ డేస్ పని చేసుకునే పర్మిషన్ ఉంది నిజమే, కానీ జర్మన్ రాకుండా మొదటి సెమిస్టర్‌లో పని దొరుకుతుందని నమ్ముకుని అప్పు చెయ్యకూడదు.

నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 8 లక్షలకు నెలకు 16 వేలు, రెండేళ్లకు 3.84 లక్షలు, అసలు అసలుగానే ఉంటుంది. అది ఎవరు కడతారు? మీ నాయనే కదా. చీనీ డబ్బు నెల నెలా రాదు, కాపు కోసి అనంతపురం మార్కెట్ యార్డుకు తోలినప్పుడే, అది కూడా ఆ రోజు టన్ను ధర ఎంతుంటే అంత. బోరు ఎండిన సంవత్సరం ట్యాంకర్లు పెట్టి చెట్లు బతికించుకోవాలి. అట్లాంటి ఆదాయం మీద నెలకు 16 వేల వడ్డీ పెడతావా? ప్రామిసరీ నోటు మీద మీ నాయన చేత ఖాళీగా సంతకం పెట్టించుకుంటాడు అని కూడా రాసినావు, అది చదివి నాకు నిజంగా కోపమొచ్చింది. వద్దు. లివింగ్ ఎక్స్‌పెన్సెస్ కూడా ఎడ్యుకేషన్ లోన్‌లో కలిపి ఇవ్వమని బ్యాంకును అడుగు, చాలా బ్యాంకులు ఇస్తాయి, ఇయ్యకపోతే ఈ ఇన్‌టేక్ వదిలెయ్.

ఇంకోటి, అందరూ మర్చిపోయేది. ఇప్పుడు మీ అమ్మా నాయన నీ కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్‌లో ఉన్నారు. నువ్వు రిజైన్ చేసి రిలీవ్ అయినాక ఆ కవర్ పోతుంది. షుగర్ ఉన్న మనిషికి అప్పుడు కొత్త పాలసీ తీసుకుంటే ముందునుంచి ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే నీ చదువు మొత్తం అయిపోయేదాకా మీ నాయన షుగర్ కాంప్లికేషన్‌కు కవర్ లేనట్టే. అందుకే పేపర్లు వెయ్యకముందే హెచ్ఆర్‌ను అడుగు, అదే ఇన్సూరర్ దగ్గర గ్రూప్ నుంచి ఇండివిడ్యువల్ పాలసీకి మారే దారి ఉంటుంది. దాంతో పాటు ఇప్పుడే వాళ్ల పేరు మీద సొంత పాలసీ ఒకటి మొదలుపెట్టు, వెయిటింగ్ ఇప్పటినుంచే కరుగుతుంది, 2025 సెప్టెంబర్ 22 నుంచి ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. నీ మీద లోన్ అంత టర్మ్ ఇన్సూరెన్స్ కవర్ తప్పనిసరి, కో-అప్లికెంట్ మీ నాయనే కాబట్టి నీకేమన్నా అయితే అప్పు ఆయన మీదే పడుతుంది.

ఎమర్జెన్సీ ఫండ్ లెక్క చెప్తా. ఇంటి ఖర్చు, మందులు కలిపి నెలకు 25 వేలు అన్నావు, ఎనిమిది నెలలకు 2 లక్షలు. నువ్వు అర్జెంటుగా తిరిగి రావాల్సొస్తే టికెట్టుకు, చేతి ఖర్చుకు ఇంకో లక్ష. మొత్తం 3 లక్షలు, అమ్మతో జాయింట్ అకౌంట్‌లో ఎఫ్‌డీగా, ఫోన్ చేసిన రోజే తీసుకునేట్టు. చీటీ పాడుకుంటాం అనేది ఎమర్జెన్సీ ఫండ్ కాదు. నెలకు 15 వేలు పక్కన పెడితే ఏడాదికి 1.8 లక్షలు, ఉన్న 1.6తో కలిపి 3.4 అయింది. ఒక్క ఏడాది ఆగితే చాలు.

ఆ ఏడాది వేస్ట్ కాదు. కోర్సు మీద నాకు అభ్యంతరం లేదు, నీ పనికి సూటయ్యేదే. ఆఫీసులో పని ఏ మెట్టు తర్వాత ఏ మెట్టుగా సాగుతుందో చూసి బాగుచేసేదే బిజినెస్ ప్రాసెస్ మేనేజ్‌మెంట్ (బీపీఎం), అందులో ఒక భాగం ప్రాసెస్ మైనింగ్. ఇన్వాయిస్ వచ్చిన టైము, అప్రూవ్ అయిన టైము, పేమెంట్ పోయిన టైము అన్నీ కంపెనీ లెక్కలు నడిపే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ లాగ్‌లో ఉంటాయి కదా, ఆ లాగుల నుంచి అసలు ప్రాసెస్ ఎట్లా నడుస్తుందో బయటికి తీసేదే ప్రాసెస్ మైనింగ్. దీన్ని మొదలుపెట్టిన ప్రొఫెసర్ విల్ వాన్ డెర్ ఆల్స్ట్ నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ నుంచి వచ్చి ఇప్పుడు జర్మనీలోనే ఆఖెన్‌లో ఉన్నాడు, ప్రాసెస్ మైనింగ్ సాఫ్ట్‌వేర్ చేసే సెలోనిస్ కూడా 2011లో మ్యూనిక్‌లో పుట్టిన కంపెనీనే. పర్చేజ్ ఆర్డర్‌లో ఉన్న ధరతో కలవక బ్లాక్ అయిన ఇన్వాయిస్ ఎన్ని రోజులు ఆగుతుందో మీ ఆఫీసులో నువ్వు రోజూ చూస్తుంటావు, ఆ ఒక్క దారిని బీపీఎంఎన్‌లో (ప్రాసెస్‌ను బొమ్మగా గీసే పద్ధతి) గీసి మేనేజర్‌కు చూపించు, అప్లికేషన్‌లో రాసుకోవడానికి గట్టి పాయింట్ అయితది. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీలు చాలావాటిలో ట్యూషన్ ఫీజు లేదు, బాడెన్-వుర్టెమ్‌బెర్గ్‌లో అయితే మనలాంటోళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. అక్కడ బీపీఎం ఎక్కువగా ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ ఎంఎస్సీలో ఒక భాగంగా దొరుకుతుంది, కన్సల్టెన్సీ వాళ్లు వీటిని చెప్పరు. కంపెనీ స్పాన్సర్ చేస్తుందేమో కనుక్కో, ఇక్కడే ఎంబీఏ అయినా తప్పు లేదు. పీఎం విద్యాలక్ష్మి అనే ఎడ్యుకేషన్ లోన్ పథకం మన దేశంలో చదివేవాళ్లకే.

ఇక నువ్వడిగింది. 16 లక్షలకు 11 శాతం వేసుకుంటే కోర్సు రెండేళ్లు, తర్వాత ఒక ఏడాది మారటోరియం (ఈఎంఐ కట్టక్కర్లేని గడువు) కలిపి సాధారణ వడ్డీనే 5.28 లక్షలు, అప్పటికి 21.28 లక్షలకు ఈఎంఐ పదేళ్లయితే సుమారు 29,300, పదిహేనేళ్లయితే 24,200. పదిహేనే పెట్టుకో, ఫ్లోటింగ్ రేటు తీసుకో, ముందే కట్టేసినా పెనాల్టీ ఉండదు. అమ్మ బంగారం లాకర్‌లోనే ఉండనీ.

సీటు వచ్చే ఏడాదికి డిఫర్ అవుతుందా అని యూనివర్సిటీకి ఈ వారమే మెయిల్ పెట్టు, హెచ్ఆర్ ఇన్సూరెన్స్ గురించి ఏం చెప్పినారో నాకు రాయి.