గాలితో నడిచే టూల్ రివర్స్‌లో ఎలా తిరుగుతుంది? లోపల గేరు మారుతుందా?

చాలావాటిలో గేరు మారదు. టైర్ల షాపులో వీల్ నట్లు విప్పే గన్నే చూడండి. దాని మోటారులో ఒక పక్కకు జరిపి పెట్టిన రోటరు (తిరిగే భాగం), దాని గాడుల్లో పలుచటి రెక్కలు ఉంటాయి. వెనకున్న మీట తిప్పితే వాల్వు గాలిని రెండో దారిలోకి పంపుతుంది. రెక్కల మీద ఒత్తిడి అటునుంచి పడి మోటారే వెనక్కి తిరుగుతుంది. అంతే.

మరి గేరు ఎక్కడ? రంధ్రంలో మరలు కోసే ట్యాపింగ్ టూళ్లలో. రెండువైపులా తిరగాల్సిన మోటారుకు గాలి దారులు రాజీపడి పెట్టాలి, కొంత బలం పోతుంది. అందుకే కొన్నిటిలో మోటారును ఒకేవైపు తిరగనిచ్చి, దాని ముందు భాగంలో ప్లానెటరీ గేరు (మధ్యలో ఒక గేరు, దాని చుట్టూ చిన్న గేర్లు, వాటి చుట్టూ రింగ్ గేరు ఉండే అమరిక) పెడతారు. టూల్‌ని రంధ్రం మీద నొక్కితే స్పిండిల్, అంటే ట్యాపును తిప్పే ఇరుసు, నేరుగా మోటారుతో కలిసి ట్యాపు (మరలు కోసే పనిముట్టు) లోపలికి దిగుతుంది. వెనక్కి లాగితే క్లచ్ వదిలి, చుట్టూ ఉన్న రింగ్ గేరును పట్టుకుంటుంది. మధ్యలోని చిన్న గేర్లు తమ చోటే తిరుగుతాయి కాబట్టి రింగ్ ఎదురుదిశలో తిరిగి ట్యాపు బయటికొస్తుంది. మీట వెతుక్కునే పనే లేదు, చేతికి ఇది భలే హాయి.

గన్నులో మాత్రం పూర్తిగా ఆగకముందే మీట తిప్పకండి.