రెండు పట్టాల లోకోని మూడు పట్టాల లైను మీదకి తేవాలంటే

చి. మేనల్లుడికి,

విజయనగరం నుంచి మావయ్య ఆశీస్సులు.

జర్మనీ బొమ్మరైళ్ల కంపెనీ మార్క్‌లిన్ వాళ్ల పాత మూడు పట్టాల ట్రాక్ మీద నీ రెండు పట్టాల బొమ్మ డీజిల్ లోకోని నడపొచ్చా అని అడిగావు. నిక్షేపంగా నడపొచ్చు. అందరూ డీకోడర్ (కంట్రోలర్ పంపే ఆజ్ఞల్ని చదివి మోటారుని నడిపే చిన్న ఎలక్ట్రానిక్ పలక) గురించీ వైర్ల రంగుల గురించీ బెంగపెట్టుకుంటారు గానీ పని చెడేది అక్కడ కాదు. లోకో పొట్ట కింద స్లైడర్, అంటే ట్రాక్ మధ్యనుంచి కరెంటు తీసుకునే జారుడు రేకు, ఎక్కడ కూర్చుంది, ఎంత గట్టిగా నొక్కుతోంది, దేనికి తగులుతోంది అన్న దగ్గర చెడుతుంది. అందుకే కరెంటు సంగతి క్లుప్తంగా చెప్పి, స్లైడర్ గురించి వివరంగా రాస్తున్నాను.

రెండు పట్టాల పద్ధతిలో ఎడమ పట్టా ఒక కొస, కుడి పట్టా ఇంకో కొస. మార్క్‌లిన్‌లో పక్క పట్టాలు రెండూ కలిపి ఒకే కొస, మధ్యలో స్లీపర్ల మీద కనిపించే చిన్న బొడిపెలు రెండో కొస. కాబట్టి రెండు వైపుల చక్రాల నుంచి వచ్చే వైర్లు ఒకటిగా కలిసిపోతాయి, రెండో వైరు స్లైడర్ నుంచి వస్తుంది. లోపలున్నది 12 వోల్టుల డీసీ మోటారు. దానికి ఏసీ నేరుగా ఇస్తే తిరగదు, గుర్రుమంటూ వేడెక్కి కాలిపోతుంది. మధ్యలో డీకోడర్ ఉండాల్సిందే. మోటోరోలా, డీసీసీ అనే రెండు డిజిటల్ ఆజ్ఞల భాషలూ అర్థమయ్యే డీకోడర్ కొను, ఎందుకంటే మార్క్‌లిన్ 6021 లాంటి పాత కంట్రోలర్ మోటోరోలా మాత్రమే పంపుతుంది. కొనే ముందు మోటారుకి 12 వోల్టులిచ్చి, ఇరుసుని ఒక్క క్షణం పట్టి ఆపి, ఎంత కరెంటు లాగుతోందో చూడు. డీకోడర్ మీద రాసిన ఆంపియర్లు దానికంటే ఎక్కువుండాలి. స్లైడర్‌గానీ డీకోడర్‌గానీ శ్రీకాకుళంలో దొరకవు. రెండూ తెప్పించుకోవాల్సినవే, కొలతలన్నీ తీశాకే ఆర్డరు పెట్టు.

స్లైడర్‌ని లోకో నడుమ, ఇంధన ట్యాంకు కింద పెట్టాలనిపిస్తుంది, అక్కడ చోటుంటుంది కనుక. పెట్టకు. వంపులో లోకో నడుము లోపలి పట్టా వైపు జరుగుతుంది. ఎంత జరుగుతుందో లెక్కేసుకో: లోకో కింద ముందూ వెనకా చక్రాలతో తిరిగే రెండు ట్రక్కుల (బోగీల) తిరుగుడు కేంద్రాల, అంటే పివట్ల, మధ్య దూరాన్ని దానితోనే గుణించి, వంపు వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగించు. పివట్ల మధ్య 130 మిల్లీమీటర్లు, వంపు వ్యాసార్ధం 360 మిల్లీమీటర్లు అయితే దాదాపు 6 మిల్లీమీటర్లు వస్తుంది. ట్రాక్ మధ్య గీత నుంచి పట్టా లోపలి అంచుకి ఉన్నదే 8.25. అంటే స్లైడర్ బొడిపెల్ని వదిలేయడమే కాదు, పట్టాకి తగిలి షార్ట్ కూడా చేస్తుంది. కాబట్టి స్లైడర్‌ని ట్రక్కుకే బిగించు, ట్రక్కు మధ్యలో. ట్రక్కుతోపాటే అదీ తిరుగుతుంది.

పొడవు విషయంలో, ఎక్కడున్నా కనీసం రెండు బొడిపెల మీద ఆనాలి, కొసలు మాత్రం చక్రాలకీ కప్లింగ్‌కీ తగలకూడదు. ట్రక్కు అడుగు మూత ప్లాస్టిక్‌దైతే నేరుగా బిగించొచ్చు. లోహమైతే మధ్యలో అర మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటు వేసి, నైలాన్ స్క్రూ వాడు. మామూలు స్క్రూ వేస్తే షీటు వేసినా దండగే, కరెంటు స్క్రూలోంచే పోతుంది. స్క్రూ మొన గేర్లకి తగలకుండా కోసెయ్.

స్ప్రింగు సంగతి మరీ ముఖ్యం. మామూలు ట్రాక్‌లో బొడిపెలు కిందకి ఉంటాయి గానీ పాయింట్ల (దారి చీలే పట్టాల) దగ్గర, పట్టాలు దాటే చోట, పైకి లేస్తాయి. అక్కడ స్లైడర్ కూడా పైకి నొక్కుకుపోవాలి. పోయే చోటు లేకపోతే లోకోనే ఎత్తేస్తుంది, చక్రాలు పట్టా విడిచి పడిపోతుంది. లోకోని పాయింటు మీద పెట్టి, కళ్లని ట్రాక్ ఎత్తుకి దించి, చక్రానికీ పట్టాకీ మధ్య వెలుతురు కనిపిస్తుందేమో చూడు. కనిపిస్తే స్ప్రింగు రేకుని పట్టకారుతో కొంచెం కొంచెంగా వంచి మెత్తబరచు. మరీ మెత్తబడితే లోకో ఆగి ఆగి నడుస్తుంది.

వైరింగ్‌కి ఎనిమిది పిన్నుల సాకెట్ ఉంటే సులువు. 8వ పిన్నుకి వచ్చే చక్రం వైరుని విప్పి, 4వ పిన్ను మీదున్న రెండో వైపు చక్రం వైరుతో కలిపెయ్. స్లైడర్ వైరు 8కి. ట్రక్కు తిరిగినా లాగకుండా ఆ వైరు మెత్తగా, కాస్త వదులుగా ఉండాలి. సాకెట్‌లో ముందు నుంచీ ఉన్న ఖాళీ ప్లగ్గు తీసేయడం మరిచిపోకు, అది మోటారుని నేరుగా ట్రాక్‌కి కలుపుతుంది. మోటారు కొసల మధ్య కెపాసిటర్ ఉంటే అదీ తీసెయ్, లేకపోతే నెమ్మదిగా వెళ్లేటప్పుడు కుదుపులొస్తాయి. లైట్ల ఒక కొస ఛాసిస్‌కి తగిలించి ఉంటే దాన్ని తెంచి 7వ పిన్నుకి తే. ఎల్‌ఈడీ అయితే ఒక్కోదానికీ ఒక కిలో ఓమ్ రెసిస్టర్ వెయ్.

డీకోడర్ గుచ్చే ముందు మల్టీమీటరుతో చూడు. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య ఇప్పుడు బీప్ రావాలి. స్లైడర్‌కీ చక్రాలకీ, స్లైడర్‌కీ ఛాసిస్‌కీ, మోటారు కొసలకీ వీటిలో దేనికైనా రాకూడదు. ఇదే పరీక్ష స్లైడర్‌ని పూర్తిగా పైకి నొక్కి, ట్రక్కుని రెండు వైపులా చివరిదాకా తిప్పి మళ్లీ చెయ్యి. బల్ల మీద బాగున్నవి వంపులో కాలిపోయేది ఈ రెండో పరీక్ష చెయ్యకే.

పాత ట్రాక్ పాయింట్లలో లోకో ఎగిరితే చక్రాల వెనక ముఖాల మధ్య దూరం కొలువు. రెండు పట్టాల లోకోల్లో 14.4 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, పాత మార్క్‌లిన్‌కి 14.0 సరిపోతుంది. రెండు చక్రాల్నీ సమానంగా లోపలికి నొక్కు. ఆవిరి ఇంజను చక్రాల జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకు, రాడ్ల కోణం చెదిరితే అది కదలదు.

పాత నీలం ట్రాన్స్‌ఫార్మర్ మీద పెట్టొద్దు అల్లుడూ. అది 220 వోల్టులకి చేసింది. మన దగ్గర లైను 245 చూపించే రోజులుంటాయి. లోకో దిశ మార్చడానికి అది ఒక్క క్షణం ఇచ్చే 24 వోల్టుల తన్ను అప్పుడు దాదాపు 27 అవుతుంది, దాని శిఖరం 38 దాకా పోతుంది. డీకోడర్ తట్టుకోలేదు. డిజిటల్ కంట్రోలర్‌తోనే నడుపు, డీసీసీలో అయితే సీవీ 29 అనే డీకోడర్ సెట్టింగు విలువలో 4 తగ్గించి, అనలాగ్ (డిజిటల్ ఆజ్ఞలు లేకుండా మామూలు కరెంటుతో నడవడం) ఆపెయ్.

నౌపడా–గుణుపూర్ పాత చిన్న లైను కూడా చేస్తానన్నావు. అది 2 అడుగుల 6 అంగుళాల గేజు, మన బొమ్మల కొలత 1:87లో 8.8 మిల్లీమీటర్లు వస్తుంది, 9 మిల్లీమీటర్ల ట్రాక్ సరిపోతుంది. ఆ చక్రాల మధ్య స్లైడర్‌కి చోటుండదు, దాన్ని రెండు పట్టాలతోనే ఉంచు.

కళింగపట్నం ఉప్పుగాలికి చక్రాల మీద ఆనే రేకులు నల్లబడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో వాటినీ పట్టాల్నీ తుడువు. గేర్లకి వేసిన నూనె స్లైడర్ మీదకి జారనివ్వకు, నిప్పురవ్వలొస్తాయి. స్లైడర్ అడుగున గాడి పడితే మార్చెయ్. అందుకే ఆర్డరు పెట్టేటప్పుడే రెండు తెప్పించు.

మీ మావయ్య