ఆపరేషన్ తర్వాత పీఎస్‌ఏ పెరుగుతోంది: ఎంఆర్‌ఐ చేయించాలా, పెట్ చేయించాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. మా బాపుకు 68 ఏళ్లు. ఏడాదిన్నర కింద ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి గ్రంథి మొత్తం తీసేసిండ్రు. నాలుగు నెలలకోసారి పీఎస్‌ఏ రక్తపరీక్ష చేయిస్తున్నం: 0.08, 0.13, ఇప్పుడు 0.22. ఒక డాక్టర్ ఎంఆర్‌ఐ అంటున్నరు, ఇంకొకరు హైదరాబాద్ పోయి పెట్ స్కాన్ చేయించుమంటున్నరు. స్కాన్ల మళ్ల వస్తదా రాదా ముందే తెలుస్తదా?

జవాబు: మళ్లీ వచ్చే అవకాశం ఎంతో స్కాన్ కంటే ముందు మీ ఫైల్లో ఉన్న కాగితాలే చెప్తాయి. ఉంటే ఎక్కడుందో చూపించడం స్కాన్ పని. ఈ రెండూ కలగాపులగం అయితేనే అనవసర ఖర్చు, అంతకన్నా నష్టంగా ఆలస్యం జరుగుతాయి.

ముందు పీఎస్‌ఏ. ప్రోస్టేట్ కణాలు తయారుచేసే ఈ ప్రోటీన్ రక్తంలో ఎంతుందో చూసే పరీక్ష ఇది. గ్రంథి తీసేశాక 0.2 లేదా పైన వచ్చి, రెండోసారి పరీక్షలోనూ అంతే ఉంటే వ్యాధి తిరగబెట్టినట్టు లెక్క. మీకు 0.22 ఒక్కసారే వచ్చింది కాబట్టి కొన్ని వారాల్లో మళ్లీ చేయించండి, అదే ల్యాబ్‌లో. ల్యాబ్ మారితే చిన్న అంకెల్లో తేడా వస్తుంది, అది పెరుగుదలో యంత్రం తేడానో తేలదు. "0.1 కంటే తక్కువ" అని మాత్రమే రాసిచ్చే ల్యాబ్ ఈ పనికి అక్కరకు రాదు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే ల్యాబ్‌లో చెప్పండి. ఎక్కువ మోతాదైతే కొన్ని యంత్రాల్లో పీఎస్‌ఏ ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది.

అసలు చూడాల్సింది పెరిగే వేగం. 8 నెలల్లో 0.08 నుంచి 0.22కు చేరింది, అంటే రెట్టింపు కావడానికి సుమారు ఐదున్నర నెలలు. అంకెలు ఇంత చిన్నగా ఉన్నప్పుడు ఈ లెక్క కొంత అటూఇటూ కావచ్చు. అయినా ఏడాదిలోపే రెట్టింపు అవుతుంటే డాక్టర్లు దాన్ని ఎక్కువ ప్రమాదం కిందే చూస్తారు. బయాప్సీ, ఆపరేషన్ తర్వాతి పాథాలజీ రిపోర్టు బయటకు తీయండి. అందులో గ్రేడ్ గ్రూప్ (క్యాన్సర్ ఉధృతిని 1 నుంచి 5 వరకు చెప్పే అంకె) 4 లేదా 5 ఉందా, కోత అంచున క్యాన్సర్ ఉందా, గ్రంథి పొర దాటిందా, వీర్యకోశాల్లోకి పాకిందా, లింఫ్ గ్రంథుల్లో ఉందా చూడండి. ఆపరేషన్‌కు ముందు తీసిన ఎంఆర్‌ఐ సీడీ కూడా విలువైనదే. పొర దాటినట్టు, వీర్యకోశాల్లోకి పోయినట్టు అందులో ఉంటే తిరగబెట్టే అవకాశం ఎక్కువని అర్థం.

ఇక పెట్, అంటే కొద్దిగా రేడియోధార్మికత ఉన్న మందు ఎక్కించి, అది ఒంట్లో ఎక్కడ చేరిందో చూసే స్కాన్. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. చీటీ మీద ఉత్త "పెట్ సీటీ" అని రాస్తే సెంటర్‌లో మామూలు ఎఫ్‌డీజీ పెట్ చేసేస్తారు. అందులో ఎక్కించేది చక్కెరలాంటి మందు, కాబట్టి అది చక్కెరను ఎక్కువ పీల్చుకునే క్యాన్సర్లకు పనికొస్తుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ చాలామందిలో చక్కెరను అంతగా పీల్చుకోదు. మీకు కావాల్సింది ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల మీద ఎక్కువగా ఉండే ప్రోటీన్‌కు అంటుకునే మందుతో తీసే పీఎస్‌ఎంఏ పెట్. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఆ మాట అడగండి. ఏ మందు వాడతారో కూడా తెలుసుకోండి. గాలియం-68 అర్ధాయువు (సగం తరిగిపోయే సమయం) 68 నిమిషాలే, ఫ్లోరిన్-18ది 110 నిమిషాలు. మందు తయారయ్యే వేళను బట్టే మీ టైం ఇస్తారు, కాబట్టి వరంగల్ నుంచి పోయేవాళ్లు ఆలస్యం కాకుండా చూసుకోవాలి.

దీని పరిమితి ముందే తెలిసి ఉండాలి. 2019లో వచ్చిన, 635 మందిపై చేసిన అధ్యయనంలో పీఎస్‌ఏ 0.5 లోపు ఉన్నవాళ్లలో 38 శాతం మందికే గాలియం పీఎస్‌ఎంఏ పెట్‌లో ఏదైనా కనిపించింది. 0.5 నుంచి 1 మధ్య 57 శాతం, 1 నుంచి 2 మధ్య 84 శాతం. అంటే 0.22 దగ్గర స్కాన్ శుభ్రంగా వచ్చే అవకాశమే ఎక్కువ. శుభ్రంగా వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు, మచ్చ కంటికి ఆనేంత పెరగలేదని మాత్రమే. "స్కాన్‌లో ఏదైనా వెలిగేదాకా ఆగుదాం" అని పీఎస్‌ఏ 1 దాటేదాకా కూర్చోవడం నాకు అస్సలు సమ్మతం కాదు. ఆపరేషన్ తర్వాత ఇచ్చే రేడియేషన్ 0.5 దాటకముందే మొదలైతే ఫలితం బాగుంటుంది. స్కాన్ ఖాళీగా వచ్చిందని దాన్ని వాయిదా వేయకూడదు.

పెట్ ఎక్కడ పొరబడుతుందో చూడండి. గాలియం మందు మూత్రంలో పోతుంది కాబట్టి నిండిన మూత్రాశయం పక్కనున్న చిన్న మచ్చను మింగేస్తుంది. అందుకే నీళ్లు తాగించి, అవసరమైతే ఫ్యూరోసెమైడ్ (మూత్రం ఎక్కువ పోయించే మందు) ఇచ్చి, స్కాన్‌కు ముందు మూత్రం పోయించి, అనుమానం ఉంటే ఆలస్యంగా మరోసారి తీస్తారు. పీఎస్‌ఎంఏ-1007 అనే ఫ్లోరిన్ మందులో ఈ ఇబ్బంది తక్కువ, కానీ పక్కటెముకల్లో ఉత్త చుక్కలు వెలిగి భయపెడతాయి. ఒక్క పక్కటెముకలో చిన్న చుక్క చూసి ఎముకలకు పాకిందనుకోకండి. సీటీలో అక్కడ మార్పుందా, పీఎస్‌ఏ దానికి తగ్గట్టుందా అని రేడియాలజిస్టును అడగండి.

ఎంఆర్‌ఐ బలమంతా ఆపరేషన్ జరిగిన చోటే. మూత్రాశయాన్ని మూత్రనాళానికి కుట్టిన దగ్గర చిన్న గడ్డ తిరిగి మొలిస్తే, కాంట్రాస్ట్ (బొమ్మ స్పష్టంగా కనిపించేందుకు నరంలోకి ఇచ్చే మందు) ఎక్కించగానే అది త్వరగా మెరుస్తుంది. అందుకే కాంట్రాస్ట్ లేకుండా తీసిన ఎంఆర్‌ఐ ఈ ప్రశ్నకు సగమే జవాబిస్తుంది. ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించండి. ఆపరేషన్‌లో వేసిన లోహపు క్లిప్పులున్నా, మలాశయంలో గ్యాస్ ఉన్నా డిఫ్యూజన్ బొమ్మలు (కణజాలంలో నీటి కదలికను చూపే ఎంఆర్‌ఐ బొమ్మలు) వంకరపోతాయి. దూరంగా లింఫ్ గ్రంథుల్లో, ఎముకల్లో ఉన్నది మాత్రం పెట్‌కే బాగా దొరుకుతుంది. ఒక్కటే చేయించగలిగితే నేను పీఎస్‌ఎంఏ పెట్ వైపే మొగ్గుతాను. ఈ పీఎస్‌ఏకు మామూలు ఎముకల స్కాన్, సీటీ దాదాపు దండగ.

హార్మోన్ ఇంజెక్షన్ వేస్తామంటే స్కాన్ అయ్యాక వేయమనండి. ముందే వేస్తే పీఎస్‌ఏ పడిపోతుంది, స్కాన్‌లో కనిపించేది కూడా మారిపోతుంది.

ఆపరేషన్ కాకుండా రేడియేషన్ తీసుకున్నవాళ్లకు ఈ 0.2 లెక్క వర్తించదు. వాళ్లకు పీఎస్‌ఏ అన్నిటికన్నా కిందికి దిగిన అంకెకు 2 కలిపి, అంతకు చేరితేనే తిరగబెట్టినట్టు లెక్క. మొదటి రెండు మూడేళ్లలో కాస్త పెరిగి దానంతటదే తగ్గడమూ మామూలే.

పీఎస్‌ఎంఏ పెట్‌కు సాధారణంగా పరగడుపున పోనక్కర్లేదు. మందు ఎక్కించాక గంటసేపు కూర్చోబెట్టి తీస్తారు. ఆ కొన్ని గంటలు గర్భిణులకు, చంటిపిల్లలకు దూరంగా ఉంచండి. పీఎస్‌ఏ రిపోర్టులన్నీ తేదీల వరుసలో, పాథాలజీ కాగితం, పాత ఎంఆర్‌ఐ సీడీ వెంట తీసుకెళ్లండి. వచ్చేటప్పుడు రిపోర్టుతో పాటు బొమ్మలున్న సీడీ కూడా అడిగి తెచ్చుకోండి, రేడియేషన్ ప్లాన్ వేసే డాక్టర్‌కు అది కావాలి.