గుర్రం నెత్తురు గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. రెండో పేజీలో ఒక గుర్రం ఎర్ర రక్తకణాల్లో గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ తక్కువగా ఉందని రాసి, పక్కన ఒక అంకె వేసి వదిలేశావు. నేను ఆ అంకె దగ్గరే ఆగిపోయాను. దేనికి అంత? మిల్లీలీటరు రక్తానికా, గ్రాము హిమోగ్లోబిన్‌కా?

గుర్రం దగ్గర ఈ ప్రశ్న తప్పించుకోలేం తల్లీ. తన ఎర్ర కణాల్లో మూడో వంతు దాకా అది ప్లీహంలో దాచుకుంటుంది. సూదిని చూసి బెదిరినా, పరుగెత్తినా ప్లీహం బిగుసుకుని వాటిని రక్తంలోకి వదిలేస్తుంది. నిలకడగా ఉన్నప్పుడు రక్తంలో 40 శాతం దగ్గరుండే ఎర్ర కణాల వాటా గట్టి పరుగు తర్వాత 60 దాకా పోతుంది. అదే గుర్రం, అదే పూట. మిల్లీలీటరు లెక్కన చూస్తే ఎంజైమ్ ఒక్కసారిగా పెరిగినట్టుంటుంది, పెరిగింది మాత్రం కణాలే. గ్రాము హిమోగ్లోబిన్‌కు ఇంత అని చెబితే ఆ చిక్కు లేదు. ఎన్ని డిగ్రీల దగ్గర కొలిచారో కూడా రాయి.

ల్యాబ్ గురించి నువ్వు రాసింది పుస్తకం చూసి రాసినట్టుంది. వెళ్ళి ఒక పూట కూర్చో. గుర్రం రక్తం ఉన్న గొట్టాన్ని స్టాండులో పెట్టి చూస్తూ ఉండు. కణాలు రూపాయి బిళ్ళల్లా దొంతరలుగా అంటుకుని, చూస్తుండగానే కిందికి దిగుతాయి. టీ తాగి వచ్చేసరికి పైన పచ్చటి ప్లాస్మా తేలి ఉంటుంది. కొత్తలో నేను ఆ పసుపు చూసి కామెర్లని రాసేశాను. అచ్చయ్యాక ఒక పశువైద్యుడు ఫోన్ చేసి, ఆరోగ్యంగా ఉన్న గుర్రానికీ ప్లాస్మా పచ్చగానే ఉంటుందని చెప్పారు. ముందే అడగాల్సింది. ఆ తప్పు ఇప్పటికీ బాధిస్తుంది.

తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, మధ్యలో పల్చగా ఉండే తెల్ల కణాల పొర తీసేస్తారు. వాటిలోనూ ఎంజైమ్‌లుంటాయి, మిగిలితే లెక్క తప్పుతుంది. ఉప్పునీటితో కడిగిన ఎర్ర కణాల మీద డిస్టిల్డ్ వాటర్ పోయగానే అవి పగిలి, అప్పటిదాకా మసగ్గా ఉన్న ఎరుపు తేటపడిపోతుంది. గొట్టం వెనక కాగితం పెడితే అక్షరాలు కనిపిస్తాయి. ఇది చూసి, చూసినట్టే రాయి.

జర్మన్ శాస్త్రవేత్త వార్‌బుర్గ్‌ను ఒక్క వాక్యంలో తేల్చేశావు, అన్యాయం. 1930లలో బెర్లిన్‌లో ఒట్టో వార్‌బుర్గ్, వాల్టర్ క్రిస్టియన్ ఎంజైమ్‌ల పనిలో తోడుండే, ఇప్పుడు మనం ఎన్‌ఏడీపీ అంటున్న పదార్థాన్ని గుర్రం ఎర్ర కణాల నుంచే వేరు చేశారు. హైడ్రోజన్ అందుకున్నాక అది 340 నానోమీటర్ల కాంతిని పీల్చుకుంటుంది. నీ పరీక్షలో ఆ పీల్పు ఎంత వేగంగా తగ్గుతోందో చూసే ఎంజైమ్ లెక్క కడతారు. అంటే గుర్రం నెత్తురులో దొరికినదాన్నే పట్టుకుని గుర్రం నెత్తురును కొలుస్తున్నారు! వార్‌బుర్గ్‌కు గుర్రపు స్వారీ అంటే ప్రాణం కూడాను. ఇంత కథ చేతిలో పెట్టుకుని ఎలా దాటేశావో అర్థం కాలేదు.

ఒక్కటి మాత్రం తప్పకుండా దిద్దు. మేతలో సెలీనియం అనే ఖనిజం పెట్టిన వారానికి మళ్ళీ పరీక్ష చేస్తే తెలిసిపోతుందని రాశావు. తెలియదు. ఈ ఎంజైమ్‌లో సెలీనియం ఉంటుందని 1973లో తేలింది. అయితే అది కణం ఎముక మూలుగలో తయారయ్యేటప్పుడే ఎంజైమ్‌లో చేరాలి. గుర్రం ఎర్ర కణం దాదాపు ఐదు నెలలు బతుకుతుంది. కాబట్టి ఇవాళ్టి మేత ఇవాళ్టి రక్తంలో కనిపించదు. వారానికే పరీక్ష చేయించి, అంకె కదల్లేదని ఎవరైనా మోతాదు పెంచితే? సెలీనియం ఎక్కువైతే జూలు, తోక వెంట్రుకలు రాలతాయి, గిట్టలు పగులుతాయి. నీ వ్యాసం పెళ్లి బరాత్‌లకు గుర్రాన్ని తిప్పుకుని బతికే మనిషి కూడా చదవొచ్చు. ఆయనకున్నది ఆ ఒక్క గుర్రమే కావచ్చు.

ల్యాబ్‌కు వెళ్ళొచ్చాక రెండో పేజీ తిరగరాసి పంపు. మొదటి పేజీ అలాగే ఉంచు, బాగుంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు